బొమ్మల సత్రంలో రోకలి పిల్ల

నందిగామ నుంచి జగ్గయ్యపేట పోయే దారిలో, వేములగూడెం డొంక మొదట్లో, ఒక పాడుబడ్డ సత్రం ఉండేది. పగలైనా దాని అరుగు మీద మేకలు పడుకునేవి కావు. పొద్దుగూకాక ఆ దారిన వచ్చే బండివాళ్ళు ఎడ్ల మెడలో గంటలకు గుడ్డలు చుట్టి, నోరు మెదపకుండా దాటించేవాళ్ళు. ఎందుకంటే — లోపల ఉన్నవాళ్ళకు కళ్ళు లేవట. చెవులు మాత్రం ఉన్నాయట.

లోపల ఉన్నవాళ్ళంటే మనుషులు కాదు, గోడల మీద బొమ్మలు. బొమ్మలకు భయపడటం ఏమిటని నవ్వేవాళ్ళు నందిగామ బజారులో చాలామందే ఉన్నారు. ఆ నవ్వేవాళ్ళలో ఒక్కడు కూడా రాత్రి తొమ్మిది దాటాక ఆ అరుగు మీద కూర్చుని చుట్ట వెలిగించిన పాపాన పోలేదు.

సంగతి ఇదీ. వేములగూడెం మోతుబరి భూషయ్య పంతొమ్మిది వందల ముప్ఫై మూడో సంవత్సరంలో బాటసారుల కోసం ఆ సత్రం కట్టించాడు. కట్టించి ఊరుకుంటే సరిపోయేది. దేవుళ్ళ బొమ్మలు గుళ్ళల్లో ఎటూ ఉంటాయి, నా సత్రం గోడల మీద నా ఊరుండాలి అని ఒక సరదా పుట్టింది ఆయనకు. పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తల్లి విగ్రహం రంగులు వేయించుకోవడానికి వచ్చేది జగ్గయ్యపేటకే కదా. ఆ పేటలోనే రంగుల పనికి పేరుమోసిన రామలింగాన్ని పిలిపించాడు.

రామలింగం నాలుగు నెలలు అక్కడే మకాం పెట్టి నాలుగు గోడలూ నింపేశాడు. నాగలి పట్టిన రైతు, సారె తిప్పే కుమ్మరి, మిరపతోటలో ఒడి నింపుకునే ఆడవాళ్ళు, జొన్నచేలో మంచె మీద వడిసెల తిప్పేవాడు, గంగిరెద్దు, డప్పులు, తిరునాళ్ళకు ప్రభలు కట్టిన బళ్ళు. రోటి చుట్టూ నిలబడి వడ్లు దంచే ముగ్గురు ఆడవాళ్ళు. ఒక్క మొహం కూడా ఊహించి వేసింది కాదు. అందరూ వేములగూడెం మనుషులే. మొత్తం డెబ్బై రెండు మంది.

అందరికీ కనుబొమలున్నాయి, రెప్పలున్నాయి. రెప్పల మధ్య మాత్రం ఉత్త సున్నం. కళ్ళు అన్నిటికన్నా ఆఖర్న పెట్టడం ఆ పనివాళ్ళ ఆచారం. కళ్ళు పెట్టిందాకా అది రంగు, పెట్టాక ప్రాణం అంటారు వాళ్ళు. ఆ మాట ఊళ్ళో పాకి ఆడవాళ్ళు గోలపెట్టారు. బతికున్న మనిషికి గోడ మీద కళ్ళు తెరిపిస్తే ఇక్కడి ప్రాణం అక్కడికి పోదూ అని వాళ్ళ భయం. భూషయ్య నవ్వేసి, అదీ చూద్దాం, ముందు నా బొమ్మకే పెట్టు అన్నాడు. రామలింగం పెట్టాడు. తొమ్మిదో రోజు భూషయ్య గుండె పట్టుకుని వాకిట్లో కూలబడ్డాడు.

ఆ సాయంత్రమే సత్రానికి తాళం పడింది. రామలింగం కుంచెలు మూట కట్టుకుని పేటకు వెళ్ళిపోయాడు.

అక్కడితో ఆగితే ఎవరూ చెప్పుకునేవాళ్ళు కాదు. మరుసటేడు కుమ్మరి వెంకటప్పయ్య పాము కరిచి పోయాడు. దినాలయ్యాక ఎవరో కిటికీ ఊచల్లోంచి తొంగిచూస్తే... కుమ్మరి బొమ్మకు కళ్ళున్నాయి. నల్లగా, నిగనిగలాడుతూ. ఆ తరవాత డప్పు వాయించేవాడు. ఆ తరవాత మిరపతోటలో ఇద్దరు. తాళం వేసినట్టే ఉండేది. ఎవరి బొమ్మకు కళ్ళు తెరుచుకుంటే వాళ్ళకు నూకలు చెల్లినట్టే అని ఊరు తేల్చుకుంది. కళ్ళు ముందా, చావు ముందా అని దగ్గరుండి చూసినవాడు ఒక్కడూ లేడు. అయినా తేల్చుకుంది.

రోటి దగ్గర ముగ్గురిలో చిన్నది, పరికిణీ కట్టుకుని రెండు చేతులా రోకలి పైకెత్తిన పన్నెండేళ్ళ పిల్ల — పేరు పున్నమ్మ. పదిహేనో ఏట ఆమెను నందిగామలో బండి తోలుకునే వెంకటరత్నానికి ఇచ్చారు. ఈ కథ వాళ్ళిద్దరిదీ.

వెంకటరత్నం మంచివాడే. తాగడు, చెయ్యెత్తడు. కాకపోతే ఎడ్లతో మాట్లాడినంత పెళ్ళాంతో మాట్లాడని మనిషి. మిరపకాయ బస్తాలు పేటకు తోలడం, అటునుంచి సున్నపురాయి వేసుకు రావడం, ఇంటికొచ్చి ఎడ్లను తడిమి, కుడితి పెట్టి, తను తిని పడుకోవడం. పిల్లలు లేరు. ఇరవై రెండేళ్ళ కాపురంలో పున్నమ్మ ఎదురుగా కూర్చుని ఒక ముద్దుమాట అన్నట్టు ఆమెకూ గుర్తులేదు, అతనికీ లేదు.

యాభై ఎనిమిదో సంవత్సరం వానాకాలంలో పున్నమ్మకు జ్వరం పట్టుకుంది. టైఫాయిడు అన్నాడు కాంపౌండరు. మూడు వారాలు మంచం దిగలేదు. ఒక మంగళవారం సాయంత్రం ఒళ్ళంతా బిగుసుకుపోయి, ఊపిరి ఆడుతోందో లేదో తెలియకుండా అయిపోయింది. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు చేరి ఏడుపులు లంకించుకున్నారు. ఆ ఏడుపులు బజారు మలుపు దాకా వినిపించాయి. అర్ధగంటకు కాంపౌండరు పరిగెత్తుకొచ్చి, నాడి చూసి, బతికున్న మనిషికి ఈ శోకాలేమిటని అందరినీ తిట్టి తరిమాడు.

గురువారం పొద్దున అతనే వెంకటరత్నాన్ని అరుగు మీదికి పిలిచి చెప్పాడు. గొట్టం మాత్రలు వేశాను, ఇవాళ రాత్రి గడిస్తే జ్వరం దిగుతుంది. మనిషి మాత్రం ధైర్యం వదలకూడదు, గంటగంటకూ జావ నోట్లో పడుతూ ఉండాలి. ఆ రెంటిలో ఏది తప్పినా నా చేతుల్లో లేదు అన్నాడు.

పగలంతా బాగానే గడిచింది. వెంకటరత్నం గరిటెతో పోస్తుంటే పున్నమ్మ గుటకలు వేసింది. రాత్రి ఎనిమిదిన్నర దాటాక పక్కింటి ఇశ్రాయేలు పేట నుంచి సైకిలు మీద వచ్చాడు. రావడం రావడం ఇంటికి కూడా పోకుండా వెంకటరత్నం అరుగెక్కాడు. గొంతు తగ్గించే చెప్పాడు పాపం. తను యేసుప్రభువును నమ్ముకున్నవాడు, దెయ్యాలంటే లెక్కలేదు, కానీ ఇప్పుడే ఆ సత్రం దాటి వచ్చాడు. కిటికీలో వెలుగుంది. లోపల... దంచుతున్న చప్పుడు. ధన్, ధన్ అని.

అరుగుకూ పున్నమ్మ మంచానికీ మధ్య ఒక్క తడిక.

లోపలికి వెళ్ళేసరికి ఆమె గోడవైపు తిరిగి ఉంది. జావ గిన్నె దగ్గర పెడితే పళ్ళు బిగించింది. ఇశ్రాయేలు భార్య కృపావతి వచ్చి బతిమాలింది, గదిమింది. ఉహుఁ. చాలాసేపటికి పున్నమ్మే నెమ్మదిగా అంది.

"దంచే పిల్లను నేనే కదా మావా... పోయి చూసిరా. నాకు కళ్ళు లేకపోతే తాగుతా. ఉంటే... ఇయ్యన్నీ దేనికి?"

పోకుండానే పోయొచ్చానని చెబుదామా అనుకున్నాడు వెంకటరత్నం. కానీ అరుగు మీద కూర్చుని అల్లిన అబద్ధం పున్నమ్మ దగ్గర నిలవదు. దుమ్ముకొట్టుకున్న కాళ్ళతో, ఎడ్ల చెమట వాసనతో వచ్చి చెబితేనే నమ్ముతుంది. అక్కడ ఏం కనపడ్డా సరే, కళ్ళు లేవనే చెప్పాలి. అలా ఒట్టేసుకుని ఆమెను కృపావతికి అప్పజెప్పి బండి కట్టాడు.

ఆరు మైళ్ళ దారి. ఖాళీ బండి. చంద్రుడు ఇంకా రాలేదు. అంబారుపేట దాటిందాకా ఎడ్లు హుషారుగానే నడిచాయి. ఆ తరవాత వాటి నడక మారింది. అదిలించినా చెవులు రిక్కించుకుని అడుగులో అడుగు వేస్తున్నాయి. వెంకటరత్నం దిగి గంటలకు తలగుడ్డ చింపి చుట్టాడు. గంటలు ఆగిపోయాక అతని గుండె చప్పుడు అతనికే పెద్దగా వినిపించసాగింది.

డొంక మొదట్లో ఎడ్లు నిలబడిపోయాయి. ఇక ముందుకు కదలలేదు.

సత్రం కిటికీలో వెలుగు ఉంది. అది దీపం వెలుగు — ఒకచోట నిలవకుండా అటూ ఇటూ జరుగుతోంది. ధన్... ధన్... ధన్. రోకలి పోటు లాంటి చప్పుడే, కాకపోతే మరీ చిన్నది. పిల్లలు దంచుతున్నట్టుంది.

లాంతరు వత్తి తగ్గించి అడుగు వేశాడు. ఒక అడుగు... ఇంకో అడుగు. అరుగు దగ్గరికి వచ్చేసరికి చప్పుడు ఆగిపోయింది.

చప్పుడు ఉన్నంతసేపూ అది ఆగితే బాగుండునని ఉంది అతనికి. ఆగాక తెలిసింది, ఆగకుండా ఉంటేనే నయమని. లోపల ఉన్నవాళ్ళు తన ఊపిరిని వింటున్నారు అనిపించింది. తలుపుకు తాళం లేదు. ఓరగా తెరిచి ఉంది.

దూరాడు.

ముందు కనపడింది భూషయ్య. గోడ మీద కుర్చీలో కూర్చుని సూటిగా అతని మొహంలోకి చూస్తున్నాడు. వెంకటరత్నం లాంతరు ఎత్తాడు. లాంతరు వెలుగు జరిగినకొద్దీ మనుషులు ఒక్కొక్కరే పైకి వస్తున్నారు. కళ్ళు లేని రైతు. కళ్ళు లేని ఆడవాళ్ళు. కళ్ళున్న కుమ్మరి. డప్పు ఎత్తిపట్టినవాడి కళ్ళు తడిగా మెరిశాయి. కళ్ళు లేనివాళ్ళందరూ అతని వైపే మొహం పెట్టి, ఎవరు వచ్చారా అని చెవులు అప్పగించినట్టున్నారు. ఇంత మందిలోకి పిలవకుండా వచ్చానే అని అతనికి సిగ్గులాంటిది కూడా కలిగింది. భయంలో మనిషికి ఎన్ని వింతలు తోస్తాయో చెప్పలేం.

పడమటి గోడ దగ్గర రోలు. రోటికి అటువైపు అతని అత్త, పున్నమ్మ తల్లి. ఆమె పోయి ఆరేళ్ళు. ఆమె కళ్ళు తెరిచి ఉన్నాయి, పక్కనున్న కూతురి మీదే ఉన్నాయి.

ఆ కూతురి బొమ్మకు అడ్డంగా — ఎవరో నిలబడి ఉన్నారు.

తెల్లచీర. తల మీంచి ముసుగు. వీపు ఇటు. కుడిచెయ్యి మాత్రం పున్నమ్మ మొహం దగ్గర చిన్నగా కదులుతోంది.

వెనక్కి పరిగెత్తబోయాడు. ఇంట్లో పళ్ళు బిగించి పడుకున్న మనిషి గుర్తొచ్చింది. అంతే. లాంతరు కింద పెట్టి, ఒక్క ఉదుటున వెళ్ళి ఆ చేతిని మణికట్టు దగ్గర పట్టుకున్నాడు.

చెయ్యి వెచ్చగా ఉంది. గాజులు లేవు.

"గట్టిగా పట్టకు నాయనా," అంది ముసుగులోంచి ఒక గొంతు. "కుంచె జారితే మొహం పాడవుద్ది."

యాభైకి దగ్గర పడ్డ ఆడమనిషి. మొహం నిండా చెమట. కాళ్ళ దగ్గర రెండు కొబ్బరిచిప్పలు, ఒకదాంట్లో దీపం మసి, తుమ్మ జిగురు కలిపిన నలుపు. పక్కన అరచెయ్యంత రాతి రోలు, అందులో సగం దంచిన ఎర్రటి జేగురు రాయి. ఆ దంచుడు చప్పుడే ఇశ్రాయేలును ఆరు మైళ్ళు తరిమింది.

ఆమె పేరు దుర్గాంబ. రామలింగం కూతురు. ఈ గోడలకు తండ్రి రంగులు వేస్తున్నప్పుడు చిప్పలు అందించింది తనే. ఆమె గుసగుసగా, ఆగి ఆగి చెబుతుంటే వెంకటరత్నానికి ఇరవై అయిదేళ్ళ చిక్కుముడి ఒక్కొక్క పోగే విడిపోయింది.

భూషయ్య గుండెజబ్బు పాతదే, వైద్యులు చెప్పిన గడువు కూడా దాటింది. అయినా ఊరు రామలింగం కాళ్ళమీద పడింది. మా బొమ్మలకు కళ్ళు పెట్టొద్దయ్యా అని. కళ్ళు లేకుండా బొమ్మను వదిలేయడం ఆ పనివాడికి మహాపాపం. చివరికి మనసులోనే ఒక ఒప్పందం చేసుకున్నాడు. బతికున్నవాళ్ళ జోలికి పోకూడదు. ఒక్కొక్కరూ పోయాక, మూడోనాటి చిన్నదినం దాటకుండా, వాళ్ళ బొమ్మకు కళ్ళు పెట్టాలి. పోయినవాళ్ళు ఆ కళ్ళతో ఊరి వంక ఆఖరుసారి చూసుకుని మరీ పోతారని ఆయన నమ్మకం. తాళంచెవి ఆయన దగ్గరే ఉండిపోయింది. ఆయన పోయాక కూతురు తీసుకుంది. కళ్ళు పెట్టేటప్పుడు పరాయి చూపు పడకూడదు కాబట్టి రాత్రిపూటే వచ్చేది. ఏ పెళ్ళికో తిరునాళ్ళకో వస్తున్నట్టు పేట నుంచి వచ్చి, తెల్లవారకముందే పోయేది.

అంటే ముందు చావు, తరవాత కళ్ళు. ఊరు తల్లకిందులుగా చదువుకుంది.

వెంకటరత్నానికి నవ్వూ ఏడుపూ ఒకేసారి రాబోయాయి. రాబోయి ఆగిపోయాయి. పోయినవాళ్ళకే కళ్ళు పెట్టే మనిషి, ఇవాళ పున్నమ్మ బొమ్మ ముందు ఎందుకు నిలబడింది?

"మంగళవారం రాత్రి పేటకొచ్చిన బండివాడు చెప్పాడు," అంది దుర్గాంబ. "నందిగామలో బండి వెంకటరత్నం పెళ్ళాం పోయింది, ఏడుపులు నా చెవులారా విన్నా అన్నాడు. ఇయ్యాళ మూడో రోజు."

"అమ్మా... వెంకటరత్నాన్ని నేనే. అది బతికే ఉంది."

ఆమె చేతిలో కుంచె జారి చిప్పలో పడింది. పక్కకు జరిగింది. అప్పుడు చూశాడు అతను.

ఎడమ కన్ను పెట్టేసి ఉంది. నల్లటి పాప, కొసన ఎర్రటి జీర, ఇంకా తడి ఆరలేదు. కుడివైపు ఉత్త సున్నం. పన్నెండేళ్ళ పున్నమ్మ రోకలి ఎత్తిపట్టి ఒంటికంటితో మొగుణ్ణి చూస్తోంది.

చెరిపెయ్యమన్నాడు వెంకటరత్నం. పెట్టిన కన్ను చెరిపితే ఆ మనిషికి చూపే పోతుందని మా నాయన చెప్పేవాడు, చెరపలేను అంది ఆమె. అయితే ఇప్పుడు పున్నమ్మకు ఏమవుద్ది అని అడిగాడు. ఆమెకు తెలియదు. ఇలాంటి పొరపాటు తండ్రి చేతిలో గానీ తన చేతిలో గానీ ఎన్నడూ జరగలేదు. వెంకటరత్నం చిరిగిన తలగుడ్డ తీసి ఆమె కాళ్ళ ముందు పరిచాడు. రెండోది పెట్టొద్దమ్మా అని దండం పెట్టాడు. ఆమెకు కూడా కళ్ళనీళ్ళు తిరిగాయి.

"అది నూరేళ్ళు బతకాలి నాయనా. రెండో కన్ను జోలికి నేను పోను."

చిప్పలో మిగిలిన నలుపు ఎవరూ తొక్కని చోట పారబోసి వస్తానని ఆమె దీపం తీసుకుని వెనక దొడ్డివైపు వెళ్ళింది. వెంకటరత్నం ఒక్కడే మిగిలాడు. లాంతరు ఎత్తి ఆ పిల్ల మొహం దగ్గర పెట్టాడు. తను పెళ్ళి చేసుకున్నప్పటి మొహం కాదు అది, అంతకు మూడేళ్ళ ముందుది. ఆ బుగ్గ మీది సొట్ట మాత్రం అదే. ఇన్నేళ్ళూ రోజూ కంటి ముందున్న సొట్టను అతను ఇప్పుడే చూస్తున్నట్టు చూశాడు.

చుట్టూ ఎవరూ లేరు కదా అనుకున్నాడు. చెయ్యి చాపి ఆ చెంప మీద ఆనించాడు. గోడ చల్లగా ఉంది.

"నువ్వు పోతే నేను బండి ఎవరి గుమ్మంలో ఇప్పాలే పున్నీ..." అన్నాడు. అని, ఎవరన్నా విన్నారేమోనని వెనక్కి తిరిగి చూసుకున్నాడు. ఆమాట అనడానికి అతనికి ఇరవై రెండేళ్ళు పట్టింది. అదీ గోడతో అన్నాడు.

దుర్గాంబ తిరిగొచ్చింది. తొలికోడి దాకా ఇక్కడే కూర్చుని ఆ తల్లి పేరు తలుచుకుంటాను, నువ్వు పో అంది. ఎడ్లు ఇంటిదారి పట్టాక పరుగే పరుగు. గంటల గుడ్డ ఊడిపోయి ఘల్లుఘల్లుమంటున్నా వెంకటరత్నం ఆపలేదు. దెయ్యాల్లేవు, ఏమీ లేవు, మాట నిలబెట్టుకుంటున్న ఒక ఆడకూతురు ఉంది, అంతే. ఆ ఒంటికన్ను సంగతి ఒక్కటే గొంతులో ముల్లులా ఉంది. అది తమ ఇద్దరికే తెలుసు. దుర్గాంబ చెప్పదు. తను చెప్పడు.

ఇంటికి చేరేసరికి ఇంకా చీకటే. కృపావతి గుమ్మంలోకి ఎదురొచ్చింది. జ్వరం దిగింది, ఒళ్ళంతా చెమట పట్టి చల్లబడింది, దేవుడికి స్తోత్రం అంది. అని గొంతు తగ్గించింది. అర్ధరాత్రి వేళ ఒక వింత చేసింది అన్నా అంది. నిద్రలో ఉన్నదల్లా కన్ను తెరిచింది. ఒక్కటే, ఎడమది. కుడిది మూసే ఉంది. ఆ ఒంటికంటితో ఎదురు తడికను అలాగే చూసి చూసి... కన్నీళ్ళు కార్చుకుంది. నేను పిలిస్తే పలకలేదు.

వెంకటరత్నం గుమ్మంలోనే ఒక క్షణం ఆగాడు. తరవాత మొహం తుడుచుకుని లోపలికి పోయి మంచం పట్టె మీద కూర్చున్నాడు.

పున్నమ్మ మెలకువగా ఉంది. రెండు కళ్ళూ తెరిచే ఉంది. చూశావా అని అడగలేదు. అతనే దారంతా కూడబలుక్కున్న మాట అప్పజెప్పాడు. చూశా. నీ బొమ్మకు కళ్ళు లేవు. ఎవరో ముసలమ్మ రంగులు నూరుకుంటోంది, అంతే.

ఆమె సన్నగా నవ్వింది. బుగ్గ మీద సొట్ట పడింది.

"అబద్ధం దేనికి మావా? ఒకటి పెట్టింది కదా."

అతను ఆమె మీది దుప్పటి సర్దబోయాడు.

"తలగుడ్డ తీసి ఆమె కాళ్ళకాడ పరిచావు. ఆమె దీపం తీసుకుని పోయినాక నా చెంప మీద చెయ్యేశావు." కాసేపు ఊపిరి తీసుకుంది. "బండి ఎవరి గుమ్మంలో ఇప్పాలే అన్నావు. ఆమాట ఇన్నాక ఇంక పోబుద్ధి కాలేదు నాకు. జావ ఏదీ, ఇట్టా తీసుకురా."

వెంకటరత్నం గిన్నె తెచ్చాడు. ఆమె తల ఎత్తి, తన ఒళ్ళో పెట్టుకుని, గరిటె అందించాడు. ఒక గుటక వేసింది. రెండో గుటక. అతనికి ఏడుపు ఆగలేదు, ఆపుకోలేదు కూడా. భయం ఎక్కడికో పోయింది. కన్ను ఒకటైనా సగమైనా, మనిషి దక్కింది చాలు అనుకున్నాడు.

దూరంగా ఎవరి దొడ్లోనో తొలికోడి కూసింది.

మూడో గరిటె పెదాల దగ్గర ఉండగా పున్నమ్మ తాగడం ఆపింది. కుడికన్ను నెమ్మదిగా మూసుకుంది. ఎడమ కన్ను మాత్రం తెరిచే ఉంది. అతని వంక కాదు, తడిక వంకా కాదు... ఎక్కడికో చూస్తోంది.

"ఆమె లేచింది," అంది గుసగుసగా. "దీపం ఊదేసింది. బయట తాళం వేస్తంది..."

ఆమె చెయ్యి తడుముకుంటూ వచ్చి వెంకటరత్నం చేతిని గట్టిగా పట్టుకుంది.

"మావా... మా అమ్మ రోకలి కింద పెట్టింది. నా రెండో కన్ను ఏదని మొహమంతా తడుముతంది."